రాజకీయాలు మాట్లాడుకుంటూనే నవ్వుకోవడం ఎలా? వాకింగ్ గ్రూపులో "నో పాలిటిక్స్" పెట్టాక వచ్చిన తిప్పలు

ఎంవీపీ వాకర్

అందరికీ నమస్కారం. పొద్దున్నే విశాఖ బీచ్ రోడ్డులో బండ్లు రానివ్వని టైంలో కాళీమాత గుడి నుంచి పార్క్ హోటల్ దాకా నడిచే బ్యాచ్ మాది. రిటైరైనవాళ్ళు, బ్యాంకువాళ్ళు, పోర్టువాళ్ళు, కొందరు కుర్రాళ్ళు, అన్ని పార్టీలవాళ్ళూ ఉన్నారు. 2024 ఎన్నికలప్పుడు మా వాట్సాప్ గ్రూపులో పెద్ద గొడవ జరిగి ఇద్దరు పాత స్నేహితులు మాటలు మానేశారు. ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే పొట్లంలో మురీ మిక్చర్ తిన్న మనుషులు ఇప్పుడు ఎదురుపడితే సముద్రం వైపు తల తిప్పేసుకుంటున్నారు. దాంతో అడ్మిన్ గారు "రాజకీయాలు నిషేధం" అని పెట్టేశారు.

గొడవలు ఆగాయి, కాదనను. కానీ కుళాయి నీళ్ళు సరిగా రావట్లేదని ఎవరైనా రాస్తే "ఇది రాజకీయం, డిలీట్ చెయ్యండి" అంటున్నారు. ఆస్తి పన్ను నోటీసు ఫోటో పెడితే అదీ రాజకీయమే. స్టీల్ ప్లాంటు, రైల్వే జోను, మెట్రో, డేటా సెంటరు, ఏది ఎత్తినా రాజకీయమే. ఇక మిగిలినవి గుడ్ మార్నింగ్ పువ్వులూ, బీపీ చిట్కాలూ. ఊరి సంగతులన్నీ తీసేస్తే ఒక ఊరివాళ్ళం మాట్లాడుకోవడానికి ఇంకేం ఉంటుంది?

మునుపు మావాళ్ళు చాలా బాగా నవ్వించేవారు. రైల్వే జోన్‌ని 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు, దాని హెడ్డాఫీసుకి శంకుస్థాపన 2025 జనవరిలో జరిగింది. ఆ మధ్య కాలమంతా ఎవరైనా "జోన్ ఎక్కడిదాకా వచ్చింది సార్" అంటే మా పోర్టు పెద్దాయన "దువ్వాడ దాటింది, అవుటర్లో ఆపారు, ప్లాట్‌ఫాం ఖాళీ లేదట" అనేవారు. ఏ పార్టీవాడైనా సరే పగలబడి నవ్వేవాడు, ఆ వెంటనే ఆగిపోయిన చోట ఏం అడ్డం వచ్చిందో నిజంగానే మాట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు అలాంటి మాట అన్నా ముందు "నువ్వు ఎవరి తరఫున అంటున్నావ్" అన్నట్టు చూస్తున్నారు. ఆ నవ్వుతూ మాట్లాడుకోవడం మళ్ళీ తెచ్చుకోవాలంటే ఏం చెయ్యాలి? మీ ఊళ్ళో, ఆఫీసుల్లో, ఇళ్ళల్లో ఎవరైనా చేసి చూశారా? ఏ జోకు పనిచేస్తుంది, ఏది గొడవ పెడుతుంది? దయచేసి ఏ పార్టీ మంచిదో మాత్రం ఇక్కడ తేల్చకండి.

భీమిలి మాస్టారు

బాబూ, మీ పోర్టు పెద్దాయన జోకు మళ్ళీ ఒకసారి చదువుకోండి. అందులో ఎవరి పేరూ లేదు. రైలు విశాఖ చేరేముందు వచ్చే దువ్వాడ అవుటర్లో, ఇల్లు కూతవేటు దూరంలో పెట్టుకుని, సంచులు గుమ్మం దగ్గర సర్దుకుని నిలబడి విసుక్కోని విశాఖ మనిషి ఉండడు. అందుకే అది అందరికీ తగిలింది. పైగా ప్రకటన ఎప్పుడు వచ్చిందో, పని ఎక్కడ ఆగిందో తెలిసినవాడు మాత్రమే వెయ్యగల జోకు అది.

ఇక్కడ బుర్రకథ చూసినవాళ్ళు ఉంటే వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. మధ్యలో తంబురా భుజాన వేసుకుని కథకుడు, అటొకరు ఇటొకరు గుమ్మెట్లు పట్టుకుని వంతలు. ఆ ఇద్దరిలో ఒకరిది హాస్యం, రెండోవారిది రాజకీయం. చెప్పేది పల్నాటి యుద్ధమైనా సరే, రాజకీయం వంత మధ్యలో అడ్డుపడి ఆ ఏటి కరువు సంగతో, పన్నుల సంగతో అడిగేవాడు. హాస్యం వంత దాన్ని అందుకుని జనాన్ని నవ్వించేవాడు. వాళ్ళ నవ్వు ఆగేలోపు కథకుడు "తందాన తాన" అంటూ మళ్ళీ కథలోకి లాక్కెళ్ళేవాడు. 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ కథ చెబితే పండితులూ కూర్చున్నారు, కూలీలూ కూర్చున్నారు. మీ వాట్సాప్ గ్రూపులో రెండు వంతలూ ఉన్నాయి, కథకుడే లేడు. అంటే అసలు విషయం ఏమిటో చెప్పేవాడు. నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి, ఎవరు వదులుతున్నారు, ఏ గొట్టం పగిలింది అన్న సంగతి నడుస్తూ ఉంటే మధ్యలో ఎన్ని చలోక్తులైనా పడతాయి. విషయం లేకుండా వట్టి చలోక్తులే పడితే అవి మనుషుల మీదే పడతాయి.

నేను పెట్టుకున్న పరీక్ష ఒకటి చెబుతాను. జోకు పంపే ముందు ప్రభుత్వం మారిపోయిందనుకుని చదవండి. అప్పుడు కూడా నవ్వొస్తే పంపండి. ఉదాహరణకి మన కలెక్టరేట్లో అర్జీలు తీసుకునే రోజు. గ్రీవెన్స్ అన్నారు, ప్రజావాణి అన్నారు, స్పందన అన్నారు, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. నేను మావాళ్ళతో అంటుంటాను, "పేరు గుర్తులేకపోయినా పర్వాలేదు నాయనా, సోమవారం గుర్తుంటే చాలు" అని. ఏ పార్టీ అభిమానీ దీనికి నొచ్చుకోగా నేను చూడలేదు. పైగా విన్నవాడికి సోమవారం వెళ్ళాలని కూడా తెలుస్తుంది.

ఇంకొకటి. మన విశాఖ కార్పొరేషన్‌కి, అదే జీవీఎంసీకి, 2007లో ఎన్నికలు జరిగాయి, 2012లో పాలకవర్గం గడువు అయిపోయింది, మళ్ళీ ఎన్నికలు 2021 మార్చిలో జరిగాయి. ఈ తొమ్మిదేళ్ళలో ఎన్ని ప్రభుత్వాలు మారాయో మీరే లెక్కేసుకోండి. ఆ రోజుల్లో మా వీధిలో ఒకావిడ "ఓటడగడానికి రాకపోతే పోనీ, తిట్టించుకోడానికైనా ఒక కార్పొరేటర్ని ఇవ్వండి బాబూ" అనేది. స్థానిక ఎన్నికలు టైముకి ఎందుకు జరగాలో ఆవిడ కంటే బాగా చెప్పినవాళ్ళు నాకు కనపడలేదు.

900కె ప్రయాణికురాలు

మాస్టారూ, మీ పరీక్ష బాగుంది గానీ దానికి ఇంకొకటి కలపాలి. పార్టీ మార్చి చదివితే సరిపోదు, ఆ జోకు ఎవరి మీద పడుతుందో వాళ్ళు పక్కనే కూర్చుని ఉన్నారనుకుని కూడా చదవాలి.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో ఫ్రీ ప్రయాణం మొదలైంది కదా. ఆ వారం మా అపార్ట్‌మెంట్ గ్రూపు నిండా ఏం జోకులో తెలుసా? ఇంట్లో వంట మానేసి బస్సుల్లో తిరుగుతున్నారని, మొగుళ్ళు హోటల్లో తింటున్నారని, సీట్ల కోసం జుట్లు పట్టుకుంటున్నారని. మా అపార్ట్‌మెంట్లో రెండిళ్ళలో పని చేసే ఆవిడ కొడుకు కూడా ఆ గ్రూపులో ఉన్నాడు, వాళ్ళ నాన్న వాచ్‌మన్. ఆవిడ రోజూ మధురవాడ నుంచి బస్సెక్కి వస్తుంది. ఆ కుర్రాడు ఏమీ అనలేదు, గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. "అదేంటి, సరదాకి పెట్టాం" అన్నారు పెట్టినవాళ్ళు. సరదా ఎవరికి? ఆ జోకుల్లో ప్రభుత్వం మీద ఒక్క ముక్క లేదు. ఉన్నదంతా ఆడవాళ్ళ మీదే.

అదే బస్సులో నేను విన్న జోకులు వేరు. ఇసకేస్తే రాలనంత జనం, మధ్యలో ఒక పెద్దావిడ కండక్టరు ఇచ్చిన సున్నా టిక్కెట్టు తీసుకుని, రూపాయి నోటుని మడిచినట్టు నాలుగు మడతలు పెట్టి జాగ్రత్తగా కొంగున ముడేసుకుంది. పక్కనున్న అమ్మాయి "మామ్మగారూ, దానికి డబ్బులివ్వలేదు కదా, అంత జాగ్రత్తెందుకు" అంటే "టిక్కెట్టు ఫ్రీయే గానీ నిలబడ్డానికి చోటు సంపాదించుకున్నాను, దానికి రసీదు వద్దా" అంది. బస్సంతా నవ్వింది, కండక్టరుతో సహా. ఆ నవ్వులోంచే అసలు మాట బయటికొచ్చింది. పల్లెవెలుగు నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ దాకా ఫ్రీ పెట్టారు, ఎక్కేవాళ్ళు పెరిగారు, మరి బస్సులు పెరిగాయా? ఆర్టీసీకి రావాల్సిన టిక్కెట్టు డబ్బులు ప్రభుత్వం టైముకి ఇస్తుందా? ఆటోవాళ్ళ గిరాకీ పడిపోతే వాళ్ళకేం దారి? (వాళ్ళకి ఏడాదికి 15,000 ఇచ్చే పథకం అదే ఏడాది అక్టోబరులో మొదలైంది, అది సరిపోతుందా లేదా అన్నది మళ్ళీ వేరే చర్చ.) ఇవన్నీ ఆ రోజు నిలబడి ప్రయాణం చేస్తూ మాట్లాడుకున్నాం. పథకం మంచిదన్నవాళ్ళూ ఉన్నారు, దండగన్నవాళ్ళూ ఉన్నారు, ఎవరూ ఎవర్నీ తిట్టుకోలేదు.

పింఛన్ల మీద జోకులకీ ఇదే చెబుతాను. 2014లో 200 నుంచి 1,000 అయింది, 2019లో మొదట 2,000, తర్వాత 2,250 అయింది, 2024 జనవరికి 3,000, అదే ఏడాది జులైకి 4,000. ప్రతి ప్రభుత్వమూ పెంచింది, ప్రతి ప్రభుత్వమూ పేరు మార్చింది. పేరు మీద, కార్డు మీద ఫోటోల మీద ఎన్ని జోకులైనా వేసుకోండి, నేనూ నవ్వుతాను. ఆ డబ్బుతో మందులు కొనుక్కునే ముసలాయన మీద మాత్రం వెయ్యకండి.

ఉక్కునగరం

నాకు ఈ చర్చ మొత్తంలో ఒక ఇబ్బంది ఉంది, సూటిగానే చెబుతాను. ప్రతిదాన్నీ నవ్వులోకి తీసుకెళ్ళడం వల్ల విషయం తేలికైపోతుంది. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. ప్లాంటులో వంద శాతం వాటా అమ్మకానికి 2021 జనవరిలో కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుందన్న వార్త వచ్చినప్పుడు మా సెక్టార్లో ఇళ్ళన్నీ ఎలా ఉన్నాయో నాకు తెలుసు. మా నాన్న ప్లాంటు మనిషి. ఆ వారం ఎవరో బంధువు ఫోన్ చేసి "మీ ప్లాంటుకి సంక్రాంతి క్లియరెన్స్ సేల్ పెట్టారటగా" అన్నాడు. నాన్న ఫోన్ పెట్టేసి అన్నం దగ్గర్నుంచి లేచిపోయారు. ఆ జోకులో పార్టీ పేరు లేదు మాస్టారూ, మీ పరీక్ష పాసవుతుంది.

2020 మే 7న వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకై 12 మంది చనిపోయినప్పుడు కూడా వాట్సాప్‌లో మీమ్స్ తిరిగాయి. రోడ్డు మీద పడిపోయినవాళ్ళని చూసినవాళ్ళం మేం. కొన్నిటి మీద నవ్వకూడదు, అంతే.

భీమిలి మాస్టారు

మీరన్నది నిజం. మీ నాన్నగారి సంగతి చదివాక మనసు కలుక్కుమంది. ఇందాక పైన ప్రయాణికురాలు అమ్మాయి కలిపిన రెండో పరీక్షలో ఆ "క్లియరెన్స్ సేల్" జోకు తప్పిపోతుంది, ఎందుకంటే పక్కనే మీ నాన్నగారు ఉన్నారు. వెంకటాపురం మీదైతే నేనే జోకునీ ఒప్పుకోను. చనిపోయినవాళ్ళ మీద, పోగొట్టుకున్నవాళ్ళ మీద నవ్వు ఉండదు.

కానీ ప్లాంటు గురించి అసలు నవ్వే వద్దంటే మాత్రం నేను ఒప్పుకోలేను బాబూ. టాటా వాళ్ళకీ, సెయిల్‌కీ సొంత ఇనుప గనులున్నాయి, మన ప్లాంటుకి లేవు, ఖనిజం బయట రేటుకి కొనుక్కోవాలి. ఇది ఎన్ని ధర్నాల్లో, ఎన్ని వ్యాసాల్లో చెప్పినా బయటి ఊళ్ళవాళ్ళ బుర్రకెక్కలేదు. మా పాత స్టూడెంట్ ఒకడు, మీ ప్లాంటులోనే పనిచేశాడు, గుంటూరు నుంచి వచ్చిన చుట్టాలకి ఒక్క మాటలో చెప్పాడు: "మాది బియ్యం కూడా హోటల్లో కొనుక్కుని అన్నం వండుకునే ఇల్లు, అయినా పక్కింటివాళ్ళతో పోల్చి ఖర్చెక్కువ చేస్తున్నావని మా అమ్మని తిడతారు". వాళ్ళు నవ్వారు, నవ్వాక "అవునా, గని ఎందుకివ్వలేదు" అని అడిగారు. ఆ తర్వాత 2025 జనవరిలో వచ్చిన 11,440 కోట్ల ప్యాకేజీ దేనికి సరిపోతుంది, గని సంగతి దాంతో తేలుతుందా అన్నదాకా వెళ్ళింది మాట. ఆ జోకు వేసింది ప్లాంటు మనిషే. దెబ్బ తిన్నవాడు వేసే జోకుని ఆపే హక్కు మనకి లేదు.

ఉక్కునగరం

ఆ బియ్యం మాట నాన్నకి చదివి వినిపించాను. "ఎవరన్నార్రా ఇది, ఏ డిపార్ట్‌మెంటు" అని అడుగుతున్నారు. ఇలాంటివైతే నాకు అభ్యంతరం లేదు.

పెందుర్తి

నాదొక్క మాట. గొడవల్లేకుండా రాజకీయం మాట్లాడుకోవాలంటే బస్సుల కోసమని వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డుతో మొదలుపెట్టండి. నగరాల కోసం కేంద్రం పెట్టిన జేఎన్ఎన్‌యూఆర్ఎం పథకం డబ్బుతో ఒకటి పెందుర్తి వైపు, ఒకటి సింహాచలం వైపు వేశారు, మధ్యలో బస్సులకి ప్రత్యేకంగా లైన్లు. మొదలైన దగ్గర్నుంచి ఇప్పటిదాకా అందరూ పాలించారు కాబట్టి ఎవరూ పక్కవాడి మీద వేలు చూపలేరు. మా టీ కొట్టు దగ్గర బస్సు లైన్లో బస్సు కనపడితే "అదుగో, రాంగ్ రూటులో వస్తోంది" అంటారు. ఆ తర్వాత మెట్రోకి వెళ్ళండి. పట్టాలు పడలేదు గానీ ఇన్నేళ్ళుగా తయారుచేసిన డీపీఆర్ (ప్రాజెక్టు నివేదిక) కాగితాలు వరసగా పరిస్తే స్టీల్ ప్లాంట్ గేటు నుంచి కొమ్మాది దాకా వాటి మీదే నడిచెళ్ళొచ్చని మావాడొకడు అంటాడు. ఇలా రెండు రోజులు కలిసి నవ్వాక, మూడో రోజు కష్టమైన విషయం ఎత్తినా మనుషులు వింటారు. మొదటి రోజే రాజధాని ఎత్తారో, మళ్ళీ అందరూ సముద్రం వైపు చూడ్డమే.

కోర్టు మెట్లు

అడ్మిన్ గారి భయం గురించి రెండు ముక్కలు. చాలామంది అడ్మిన్లు "ఎవడో ఏదో పెడితే నన్ను లోపలేస్తారు" అన్న టెన్షన్‌తో నిషేధాలు పెడుతున్నారు. సభ్యుడు పెట్టిన పోస్టుకి, అడ్మిన్‌కి అందులో చెయ్యి లేకపోతే, కేవలం అడ్మిన్ అయినంత మాత్రాన క్రిమినల్ బాధ్యత ఉండదని 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచీ, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. నెట్‌లో పెట్టే పోస్టులకి అరెస్టులు చెయ్యడానికి వాడిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చిలోనే కొట్టేసింది. అయినా జాదవ్‌పూర్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఒకాయన 2012లో ఒక కార్టూన్ ఫార్వర్డ్ చేసినందుకు అరెస్టయి, 2023 జనవరిలో గానీ ఆ కేసు నుంచి బయటపడలేదు. అందుకని కులం, మతం, ఆడవాళ్ళ మీద బూతులు, మార్ఫింగ్ ఫోటోలు, వీటి జోలికి అసలు పోవద్దు, వాటికి వేరే సెక్షన్లు ఉన్నాయి. రోడ్డు మీద, పన్ను మీద, ఫైలు మీద నవ్వుకోవడానికి అడ్మిన్ గారు భయపడక్కర్లేదు.

ఎంవీపీ వాకర్

అందరికీ చాలా థాంక్స్. మాస్టారి మాటలూ, మీ బస్సులో పెద్దావిడ మాటా మా అడ్మిన్ గారికి చదివి వినిపించాను. గ్రూపులో ఇప్పుడే వద్దు, ముందు ఎదురెదురుగా కూర్చుని మొదలుపెడదాం అన్నారు. ఈ ఆదివారం నడక అయ్యాక ఆస్తి పన్ను గురించి మాట్లాడుకుందామని పిలిచాం. మాట్లాడుకోని ఆ ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేశాను. ఒకాయన వస్తానన్నారు. రెండో ఆయన "వాడొస్తున్నాడా" అని మాత్రం అడిగారు. వస్తారనే అనుకుంటున్నాను.

ఒక సాయం కావాలి. పన్ను మీద విషయం చెప్పగలిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మావాళ్ళలో సగం మందికి నోటీసులో ఏముందో అర్థం కాలేదు, అర్థం కాకుండానే ఒకర్నొకరు తిట్టుకుంటారేమోనని నా భయం.

పెందుర్తి

నేను కట్టేవాణ్ణే కాబట్టి తెలిసినంత చెబుతాను అన్నా. మునుపు ఇంటికి అద్దె ఎంత వస్తుందో లెక్కేసి దాని మీద పన్ను వేసేవారు. 2021 ఏప్రిల్ నుంచి ఇంటి మూలధన విలువ మీద వేస్తున్నారు. ఆ విలువకి రిజిస్ట్రేషన్ రేట్లతో లింకు ఉంటుంది కాబట్టి మీ ఎంవీపీలో భూమి రేటు పెరిగితే, మీరు ఇల్లు అమ్మకపోయినా, అద్దెకివ్వకపోయినా పన్ను పెరుగుతుంది. ఒకేసారి మోయలేనంత పడకుండా ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదని పరిమితి పెట్టారు. కాబట్టి ఈ ఏడు పెరిగింది, మళ్ళీ వచ్చే ఏడు ఎందుకు పెరిగిందంటే కారణం ఇదే. చెత్త పన్ను దీనికి వేరే, అది 2021లో మొదలై 2024 చివర్లో రద్దయింది. చెత్త బండికి డీజిలు, పనివాళ్ళకి జీతం మాత్రం ఇప్పటికీ కావాలి, అది ఎక్కణ్ణుంచి వస్తోందన్నది మీవాళ్ళతో అడిగించండి, మంచి చర్చ అవుతుంది.

మా వీధిలో రిటైరైన తహసీల్దారు ఒకాయన "మా ఇంటి విలువ నాకంటే జీవీఎంసీకే బాగా తెలుసు, పెళ్ళి సంబంధాలకి ఆ నోటీసే చూపిస్తున్నాను" అంటారు. కావాలంటే ఆదివారం దీంతో మొదలుపెట్టుకోండి.

భీమిలి మాస్టారు

నోటీసు ఎవరిది వాళ్ళు పట్టుకు రమ్మనండి, ఫోన్లో ఫోటో కాదు, కాగితమే. పాతది ఒకటి, కొత్తది ఒకటి. ఆ ఇద్దరు స్నేహితుల్నీ పక్కపక్కన కూర్చోబెట్టి ఒకరి లెక్క ఇంకొకరిని చూడమనండి. ఇద్దరి ఇళ్ళూ ఒకే కాలనీ అయితే తేడా ఎందుకొచ్చిందో వాళ్ళే వెతుక్కుంటారు. నేనూ వస్తాను, భీమిలిలో మొదటి బస్సు అందుకుంటే మీ నడక అయ్యేసరికి కాళీమాత గుడి దగ్గరుంటాను. మురీ మిక్చర్ బండి ఆ టైంకి ఉండదు కదా, మరమరాలు నేను పట్టుకొస్తాను, ఉల్లిపాయలు మీరు తరిగి ఉంచండి.